రెండో కెమెరా తెరిస్తే చోటు లేదంటున్నాది

పర్లాకిమిడి_జీడి
మాది జీడి పిక్కలు కొట్టి పప్పు తీసే చిన్న యూనిట్. పప్పు ఏరే దగ్గర బెల్టు మీద నాలుగు యూఎస్‌బీ వెబ్‌కెమెరాలు బిగించాను. పైన రెండు, పక్కల చెరొకటి. మాడిన పప్పు, పొట్టు వదలని పప్పు కెమెరా పట్టుకుంటే ఏరే ఆడవాళ్ల కళ్లకి కొంచెం తెరిపి ఉంటుందని నా ఆలోచన. సాయంత్రం అయ్యేసరికి ఆళ్ల కళ్లు ఎర్రగా అయిపోతున్నాయి, చూడలేకపోతున్నాను.

పాత డెస్క్‌టాప్, లైనక్స్, పైథాన్‌లో ఓపెన్‌సీవీ (కెమెరా బొమ్మలు చదివే లైబ్రరీ). నాలుగు కెమెరాలూ ఒక హబ్బుకి పెట్టి, హబ్బుని కంప్యూటరు వెనక పెట్టాను. దేనికది విడిగా అయితే బాగా పనిచేస్తున్నాది. ఒకటి తెరిచి ఉంచి రెండోది తెరిస్తే మాత్రం "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని పడుతున్నాది. డిస్కు నిండిందేమో అని పాత వీడియోలన్నీ తీసీసాను. 200 జీబీ ఖాళీ ఉంది, అయినా అదే మాట. మూడు రోజులైంది. ఏటి చెయ్యాలి?

రాయగడ_వైరింగ్
హబ్బుకి విడిగా అడాప్టరు ఉందా? యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. నాలుగు కెమెరాలు దాని మీద నడవవు.

పర్లాకిమిడి_జీడి
అడాప్టరు ఉన్న హబ్బేనండి. ఎల్‌ఈడీలన్నీ వెలుగుతున్నాయి.

గుణుపురం_శ్రీను
కరెంటు సమస్య కాదు. కరెంటు చాలకపోతే కెమెరా ఊడిపోయి మళ్లీ తగులుకుంటుంది, లైనక్స్ రాసుకునే చిట్టా డీమెసేజ్‌లో డిస్కనెక్ట్ అని వరసగా కనిపిస్తుంది. ఇక్కడ కెమెరా అలాగే ఉంది, తెరవడానికే ఒప్పుకోవట్లేదు.

ఆ "స్పేస్" డిస్కులోది కాదు తమ్ముడూ, యూఎస్‌బీ బస్సులో చోటు, అంటే పరికరాలన్నీ పంచుకునే దారిలో. లైనక్స్ లోపలి కెర్నల్‌లో ఎక్కడ చోటు చాలకపోయినా అదే పాత ఎర్రరు వాడతారు. అందుకే నువ్వు డిస్కు వైపు వెళ్లావు. నేనూ ఒకప్పుడు అక్కడే వెతికాను.

మన నౌపడ–గుణుపురం బండి అనుకో. ముందే రిజర్వు చేసుకున్న సీట్లలో మనిషి కూర్చున్నా కూర్చోకపోయినా సీటు నిండినట్టే లెక్క. వెబ్‌కెమెరా అదే పని చేస్తుంది. తెరవగానే "నాకు ఇన్ని సీట్లు కావాలి" అంటుంది. మొదటి కెమెరా సగానికి పైగా పట్టేసింది, రెండోది కూడా అన్నే అడిగింది, లేవు.

రాజురా_జిన్నింగ్
గింత కథ ఎందుకు? ఎంజేపెగ్ పెట్టు, బొమ్మను కుదించి పంపుతది, అయిపోతది. నా దగ్గర మూడు కెమెరాలు ఒకే హబ్బు మీద నడుస్తున్నయి.

పర్లాకిమిడి_జీడి
ఎంజేపెగ్ పెట్టి చూశానండి. మొదటిది తెరుచుకుంటున్నాది, రెండోది మళ్లీ అదే మాట. బొమ్మ చిన్నదైనప్పుడు చోటు ఎందుకు చాలట్లేదో అర్థం కావట్లేదు.

గుణుపురం_శ్రీను
ఓపెన్‌సీవీలో ఎంజేపెగ్ నిజంగా పడిందా? ముందు ఫార్మాటు కోడు సెట్ చేసి, తరవాత వెడల్పు, ఎత్తు పెట్టి, మళ్లీ చదివి చూడు. కెమెరా ఒప్పుకోకపోయినా ఓపెన్‌సీవీ నోరు మెదపదు.

పర్లాకిమిడి_జీడి
చదివాను, ఎంజేపెగ్ అనే చెబుతున్నాది.

బరంపురం_ల్యాబ్
రాజురా వారు చెప్పింది వారి కెమెరాకి నిజం, ఈయన కెమెరాకి కాదు. ఇక్కడ కొంచెం లెక్క చూడాలి.

యూఎస్‌బీ 2 వేగం సెకనుకి 480 మెగాబిట్లు. సెకనుని 8000 ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్క 125 మైక్రోసెకన్లు. దాన్ని మైక్రోఫ్రేమ్ అంటారు. అందులో పట్టేది మొత్తం 7500 బైట్లు. కెమెరాలు, మైకులు వాడే ముందస్తు రిజర్వేషన్ రకాన్ని ఐసోక్రోనస్ అంటారు. అలాంటి వాటికి మైక్రోఫ్రేమ్‌లో 80 శాతం, అంటే 100 మైక్రోసెకన్లు మించి ఇవ్వకూడదని యూఎస్‌బీ 2 నియమం. కాబట్టి 480 అని డబ్బా మీద ఉన్నది మీ చేతికి ఎప్పుడూ రాదు.

ఇప్పుడు కెమెరా వైపు. వైయూవైవీ అంటే కుదించని ఫార్మాటు, పిక్సెల్‌కి 2 బైట్లు. 640×480 బొమ్మ 6,14,400 బైట్లు. సెకనుకి 30 అయితే 18.4 మెగాబైట్లు, అంటే 147 మెగాబిట్లు. 480లో 147 మూడు సార్లు పోతుంది కదా అని అందరూ అనుకుంటారు. పోదు. ఎందుకంటే కెమెరా 147 అడగదు. దాని లోపల కొన్ని మెట్లు ఉంటాయి, ఆల్టర్నేట్ సెట్టింగులు అంటారు. చాలా కెమెరాలు ఏ సైజు పెట్టినా పై మెట్టే అడుగుతాయి. ఎంజేపెగ్‌లో బొమ్మ ఎంత వస్తుందో ముందు తెలియదు కాబట్టి, లోపలి సాఫ్ట్‌వేరు రాసినవాళ్లు ఎందుకైనా మంచిదని పై మెట్టే ప్రకటిస్తారు. బొమ్మ చిన్నదే, రిజర్వేషన్ మాత్రం పెద్దది.

మీ కెమెరా మెట్లు ఏమిటో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండుకి మైనస్ వీ ఇచ్చి చూసి ఇక్కడ రాయండి. వీడియో ఇంటర్‌ఫేస్ కింద వరసగా మ్యాక్స్ ప్యాకెట్ సైజులు ఉంటాయి.

రాజురా_జిన్నింగ్
అట్లయితే నా కెమెరా తక్కువ అడుగుతున్నదన్న మాట. సరే, గది ఒప్పుకుంట. కానీ ముందు ఎంజేపెగ్ పెట్టి చూసుడు తప్పు కాదు, పైస ఖర్చు లేదు.

సిరొంచ_సోలార్
ఒక మాట అడగాలె. కెమెరా పెడితే ఆ ఏరే ఆడోళ్ల కూలి ఏమైతది?

పర్లాకిమిడి_జీడి
మంచి మాట అడిగారు. ఎవరినీ తీసెయ్యడానికి కాదు. గుండు, బద్ద, ముక్క ఏరడం, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే సైజు గ్రేడులు విడదియ్యడం ఆళ్ల చేతులకి తెలిసినంత కెమెరాకి తెలీదు. ఏరడం అయిపోయాక చివర్లో మాడినవి ఏటైనా మిగిలాయా అని ఇది చూస్తుందంతే. ఇప్పుడు అదే పప్పుని ఆళ్లే రెండోసారి చూడాల్సి వస్తున్నాది. ఆ రెండోసారే తప్పిద్దామని.

బరంపురం వారు అడిగిన మెట్లు ఇవి: 192, 384, 512, 640, 800, 944, తరవాత 640 రెండేసి, 800 రెండేసి, 992 రెండేసి, 896 మూడేసి, 1020 మూడేసి.

బరంపురం_ల్యాబ్
అయితే మీ సమస్య కళ్ల ముందే ఉంది. పై మెట్టు 1020 బైట్ల ప్యాకెట్లు మూడు, అంటే మైక్రోఫ్రేమ్‌కి 3060 బైట్లు. రెండు కెమెరాలకి 6120. 7500లో 80 శాతం 6000. 120 బైట్ల దగ్గర ఆగిపోయింది.

నిజానికి అంతకన్నా ఎక్కువే దాటింది. తీగ మీద వరసగా ఆరు ఒకట్లు వస్తే మధ్యలో ఒక సున్నా దూర్చాలని యూఎస్‌బీ నియమం. ఎన్ని సున్నాలు దూరతాయో ముందు తెలియదు కాబట్టి, యూఎస్‌బీ 2 పోర్టుల్ని నడిపే పాత ఈహెచ్‌సీఐ డ్రైవరు ప్రతి 6 బిట్లకి 7 బిట్ల సమయం వేసుకుంటుంది. ప్యాకెట్టు ముందూ వెనకా పట్టే సమయం అదనం. అలా లెక్కేస్తే 1020 ప్యాకెట్టు ఒకటి దాదాపు 20.5 మైక్రోసెకన్లు. మూడు కలిపి 61. రెండు కెమెరాలకి 123. ఉన్నది 100.

జయపురం_పిల్లోడు
యూఎస్‌బీ 3 హబ్బు కొంటే సరిపోదా అన్నా? నీలం రంగు పోర్టుది. 5 గిగాబిట్లు కదా, పదింతలు.

గుణుపురం_శ్రీను
సరిపోదు. యూఎస్‌బీ 3 హబ్బు లోపల నిజానికి రెండు హబ్బులు ఉంటాయి. ఒకటి 5 గిగాబిట్లది, ఇంకోటి పాత 480ది. తీగలు కూడా వేరు. యూఎస్‌బీ 2 కెమెరా పెడితే అది పాత హబ్బు వైపే వెళ్తుంది, నాలుగు పెట్టినా నాలుగూ అదే 480లో పడతాయి. కెమెరానే యూఎస్‌బీ 3 అయితే ఆ 5 గిగాబిట్ల దారి వాడుకుంటుంది. మన వెబ్‌కెమెరాల్లో ఎక్కువ యూఎస్‌బీ 2వే.

జయపురం_పిల్లోడు
అయ్యో, నేను ప్రాజెక్టుకి కొనేశాను. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటరుకి నాలుగు సాకెట్లున్నాయి కదా, అక్కడైనా ఒక్కో సాకెట్టుకి ఒక్కో 480 ఉంటుందా?

బరంపురం_ల్యాబ్
ఉండదు. పై 4లో నాలుగు సాకెట్లకీ కలిపి యూఎస్‌బీ 2 దారి ఒకటే. నీకు రెండు కెమెరాలే కావాలంటే పై 5 చూడు, దానికి కెమెరా రిబ్బన్ కనెక్టర్లు రెండున్నాయి. ఆ బొమ్మ యూఎస్‌బీ దారి తొక్కదు. రిబ్బను మాత్రం పొట్టిది, బెల్టు దగ్గర బోర్డు పెట్టుకోవాలి.

గుణుపురం_శ్రీను
జీడి తమ్ముడూ, లైనక్స్ కెమెరా డ్రైవరుకి ఒక కిటుకు ఉంది. ఆ డ్రైవరు పేరు యూవీసీవీడియో, ఆ మాడ్యూలు ఒకసారి దించి, క్విర్క్స్ అనే సెట్టింగు 128 అని ఇచ్చి మళ్లీ ఎక్కించు. అప్పుడు కెమెరా అడిగింది నమ్మకుండా డ్రైవరే సైజు, ఫ్రేములు చూసి లెక్క కడుతుంది, దానికి సరిపోయే చిన్న మెట్టు ఎంచుకుంటుంది. ఒక్క సంగతి గుర్తు పెట్టుకో, ఇది వైయూవైవీ లాంటి కుదించని ఫార్మాటుకే. ఎంజేపెగ్‌లో ఉంటే దీనికి ఏ ప్రభావమూ లేదు. చాలామంది ఎంజేపెగ్ పెట్టి, 128 కూడా పెట్టి, పని చెయ్యట్లేదని తిట్టుకుంటారు. ఫ్రేములు 15కి దించు.

పర్లాకిమిడి_జీడి
పెట్టాను! వైయూవైవీ, 640×480, 15 ఫ్రేములు, 128. మూడు కెమెరాలు వచ్చీసాయి! మూడు రోజుల్లో మొదటిసారి రెండోది, మూడోది కళ్లారా చూశాను. నాలుగోది మాత్రం అదే ఎర్రరు. 15ని 10 చేశాను, 5 చేశాను, అయినా నాలుగోది రాలేదు. సగం చేస్తే సగం చోటు పట్టాలి కదా?

బరంపురం_ల్యాబ్
15 ఫ్రేములు పెడితే డ్రైవరు ఒకటి ఎక్కువ వేసుకుని 16కి లెక్క కడుతుంది. మైక్రోఫ్రేమ్‌కి 1228 బైట్లు, ప్యాకెట్టు తల భాగం 12 కలిపితే 1240. మీ మెట్లలో 944 చాలదు, ఆ పైది 640 రెండేసి, అంటే 1280. అది ఎంచుకుంది. 640 ప్యాకెట్టు 13 మైక్రోసెకన్లు, రెండుకి 26. మూడు కెమెరాలకి 78, నాలుగుకి 104. నాలుగు మైక్రోసెకన్ల తేడాతో పోయింది.

5కి దించినా రాకపోవడానికి వేరే కారణం ఉంది. లెక్క ఎంత తక్కువ వచ్చినా డ్రైవరు 1024 బైట్ల కంటే కిందికి దిగదు. మరీ తక్కువ ఇస్తే చాలా కెమెరాలు తడబడతాయని రాసినవాళ్లు అక్కడ గట్టు కట్టారు. మీ మెట్లలో 1024కి పైది మళ్లీ ఆ 1280యే. కాబట్టి 15 పెట్టినా 5 పెట్టినా రిజర్వేషన్ ఒకటే.

రాయగడ_వైరింగ్
నాలుగు మైక్రోసెకన్లే కదా, ఆ 100ని 110 చేసే దారి లేదా?

బరంపురం_ల్యాబ్
ఉంది. ఈహెచ్‌సీఐ డ్రైవరులో యూఫ్రేమ్ పీరియాడిక్ మ్యాక్స్ అనే అంకె ఉంటుంది, మామూలుగా 100. పెంచుకోవచ్చు. నేనైతే రోజంతా నడిచే బెల్టు మీద పెంచను. మిగతా పరికరాలతో మాట్లాడటానికి వదిలిన చోటు అది. ల్యాబ్‌లో ఒక గంట ప్రయోగానికి పర్వాలేదు.

గుణుపురం_శ్రీను
నేనూ అదే అంటాను. అంకె సాగదీసే ముందు ఇంకో బస్సు ఉందేమో చూడాలి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ మైనస్ టీ కొట్టు, చెట్టులాగ వస్తుంది. ఆ కాలం డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలావాటికి యూఎస్‌బీ 2 కంట్రోలర్లు రెండుంటాయి, అంటే రెండు బస్సులు. వెనక పోర్టులు ఒకదాని కింద, ముందు పోర్టులు ఇంకోదాని కింద ఉండొచ్చు. హబ్బు తీసి పక్కన పెట్టి, రెండు కెమెరాలు ముందు, రెండు వెనక పెట్టి చెట్టు మళ్లీ చూడు.

సిరొంచ_సోలార్
ల్యాప్‌టాప్‌ల మూడు సాకెట్లు ఉంటే మూడు బస్సులా మరి?

గుణుపురం_శ్రీను
కాదన్నా. చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఎన్ని సాకెట్లున్నా కంట్రోలరు ఒకటే, పైగా మూత మీద ఉన్న వెబ్‌కెమెరా కూడా దాని మీదే. సాకెట్లు లెక్కపెట్టకూడదు, చెట్టులో బస్సులు లెక్కపెట్టాలి. యూఎస్‌బీ పోర్టులు పెంచే కార్డు కొనేటప్పుడూ అంతే. సాకెట్టుకో కంట్రోలరు ఉన్న కార్డులు వేరేగా దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. అది అడిగి కొనాలి.

రాజురా_జిన్నింగ్
నా సంగతి చెప్త. జిన్నింగ్‌ల పత్తి మీద ప్లాస్టిక్ తాడు, గోనె పోగులు పట్టెతందుకు రెండు గిగాబిట్ ఈథర్‌నెట్ కెమెరాలు పెట్టినం. 2448×2048, నలుపు తెలుపు. ఒక బొమ్మ 50 లక్షల బైట్లు. సెకనుకి 20 అంటే 100 మెగాబైట్లు, ఒక్క కెమెరాకే 800 మెగాబిట్లు. రెండింటినీ ఒక స్విచ్చికి పెట్టి స్విచ్చి నుంచి కంప్యూటర్‌కు ఒకటే తీగ గుంజినం. బొమ్మల నడుమ నల్ల గీతలు. రెండు దినాలు కెమెరా ఖరాబ్ అనుకున్నం. తీగ 1000 మెగాబిట్లది, మేం 1600 పంపుతున్నం! ఈడ యూఎస్‌బీ లెక్క "చోటు లేదు" అని ముందుగాల చెప్పేటోడు లేడు, ప్యాకెట్లు ఊకనే పడిపోతయి. ఒక్కోటి 10 ఫ్రేములకు దించి, ప్యాకెట్ల నడుమ ఆలస్యం పెట్టి, ఒక్కో ప్యాకెట్‌ను 9000 బైట్లకు పెంచితే (జంబో ఫ్రేములంటరు) సాఫ్ అయింది. తర్వాత కంప్యూటర్‌ల రెండు పోర్టుల కార్డు ఏసి దేనికది వేరే తీగ ఇచ్చినం, ఇప్పుడు 20 నడుస్తున్నది.

యూఎస్‌బీ తీగ 5 మీటర్లు దాటొద్దు, ఈథర్‌నెట్ 100 మీటర్ల దాక పోతది. దుమ్ము దగ్గర కంప్యూటర్ పెట్టే పని లేదు. పైసలున్నోళ్లకు నా సలహా గదే.

రాయగడ_వైరింగ్
ఆ కెమెరా ఒకటి కొనే డబ్బుకి ఈయన వెబ్‌కెమెరాలు పాతిక వస్తాయి. చిన్న యూనిట్‌కి అది చెప్పకండి.

రాజురా_జిన్నింగ్
పెద్దగ పెంచుకునేటప్పుడు పనికొస్తదని చెప్పిన, ఇప్పుడే కొనుమనలేదు.

బరంపురం_ల్యాబ్
జీడి గారూ, ఒకటి అడగడం మరిచాను. బెల్టు ఎంత వేగం? కెమెరాకి బెల్టు ఎంత పొడవు కనిపిస్తుంది?

పర్లాకిమిడి_జీడి
సెకనుకి 20 సెంటీమీటర్లు. కనిపించేది 16 సెంటీమీటర్లు.

బరంపురం_ల్యాబ్
అయితే 15 ఫ్రేములకి పప్పు ఒక్కో ఫ్రేముకి 1.3 సెంటీమీటర్లు కదులుతుంది. ఒక పప్పు కెమెరాకి పన్నెండు సార్లు కనిపిస్తుంది. 5 ఫ్రేములైనా నాలుగు సార్లు. మీకు 30 అవసరమే లేదు.

మీరు చూసుకోవాల్సింది ఫ్రేములు కాదు, ఎక్స్‌పోజర్, అంటే ఒక్కో బొమ్మకి కెమెరా వెలుతురు తీసుకునే సమయం. అది సెకనులో 30వ వంతు ఉంటే ఆ లోపల పప్పు దాదాపు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది, మాడిన మచ్చ కనిపించదు. ఆటో తీసేసి చేత్తో 500వ వంతు పెట్టండి. లైనక్స్‌లో ఆ అంకె 100 మైక్రోసెకన్ల లెక్కలో ఉంటుంది కాబట్టి 20 పెట్టాలి. అప్పుడు జరిగేది 0.4 మిల్లీమీటరు. వెలుతురు బాగా కావాలి.

రాయగడ_వైరింగ్
వెలుతురు నా సబ్జెక్టు. నేరుగా 230 వోల్టుల మీద నడిచే చవక ఎల్‌ఈడీ బల్బు పెట్టకండి. చాలావాటి వెలుతురు సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది. 500వ వంతు ఎక్స్‌పోజర్‌లో ఒక బొమ్మ తెల్లగా, ఒకటి నల్లగా వస్తుంది. 12 వోల్టుల డీసీ స్ట్రిప్, మంచి ఎస్ఎంపీఎస్ (డీసీ ఇచ్చే పవర్ సప్లై) పెట్టండి. పప్పు రంగు చూడాలి కాబట్టి నాలుగు పక్కలా ఒకే రోల్‌లోంచి కోసిన స్ట్రిప్ వాడండి, రోల్ మారితే తెలుపు మారుతుంది.

పర్లాకిమిడి_జీడి
హబ్బు తీసీసి రెండు వెనక, రెండు ముందు పెట్టాను. చెట్టులో చూస్తే వెనకవి బస్ 1 కింద, ముందువి బస్ 2 కింద కనిపించాయి. నాలుగూ వచ్చీసాయి! ఆగలేక ఫ్రేములు పెంచి చూశాను. 20కి నాలుగూ వచ్చాయి. 30 పెడితే ప్రతి బస్సులోనూ రెండోది మళ్లీ ఆగిపోయింది. 20కీ 30కీ అంత తేడా ఏటి?

బరంపురం_ల్యాబ్
చాలా సంతోషం. 20కి 992 రెండేసి మెట్టు సరిపోతుంది. ప్యాకెట్టు 20, కెమెరాకి 40, రెండుకి 80 మైక్రోసెకన్లు. 30కి అది చాలదు, పై మెట్టు 896 మూడేసి. ప్యాకెట్టు 18, కెమెరాకి 54, రెండుకి 108. మెట్టు మారింది, వంద దాటింది. మీరు 15 దగ్గరే ఉంచండి.

పర్లాకిమిడి_జీడి
15 దగ్గరే ఉంచాను. ఎక్స్‌పోజర్ 20 పెట్టాను, పాత టేబుల్ లైటుతోనే మచ్చ తేటగా కనిపిస్తున్నాది. స్ట్రిప్ రేపు పాతపట్నం వెళ్లి తెస్తాను.

ఇంకో చిక్కు వచ్చింది. కంప్యూటరు ఆపి వేస్తే కెమెరా నంబర్లు మారిపోతున్నాయి. పైన కెమెరా పక్కకి, పక్క కెమెరా పైకి వెళ్లిపోతున్నాది. నంబర్లు కూడా 0, 2, 4, 6 అని వస్తున్నాయి, మధ్యవి ఏటో తెలీదు.

గుణుపురం_శ్రీను
మధ్యవి కెమెరాలు కావు, ఒక్కో కెమెరా బొమ్మకి ఒకటి, దాని వివరాలకి ఒకటి ఇస్తుంది. వదిలెయ్. నంబరుతో తెరవకు. డెవ్ కింద వీ4ఎల్ లోపల బై పాత్ అని ఒక ఫోల్డరు ఉంటుంది, అందులో పేరు పోర్టుని బట్టి ఉంటుంది. బై ఐడీ అనేది కూడా ఉంటుంది కానీ అది వాడకు. నీ నాలుగు కెమెరాలు ఒకే మోడలు, సీరియల్ నంబరు కూడా ఒకటే వచ్చే అవకాశం ఎక్కువ. పోర్టుల మీద పెయింటుతో గుర్తు పెట్టు, ఊడ్చేటప్పుడు ఎవరైనా పీకితే మళ్లీ అక్కడే పెట్టాలి.

జయపురం_పిల్లోడు
నాలుగు బొమ్మలూ ఒకే క్షణానివి కావాలంటే ఎలా అన్నా?

బరంపురం_ల్యాబ్
వెబ్‌కెమెరాలతో కచ్చితంగా ఒకే క్షణం కుదరదు, బయటి ట్రిగ్గర్ తీగ ఉన్న కెమెరాలు కావాలి. దగ్గరకి తేవచ్చు. ఓపెన్‌సీవీలో రీడ్ వాడకుండా ముందు నాలుగింటికీ వరసగా గ్రాబ్ (బొమ్మ పట్టుకోవడం), ఆ తరవాత నాలుగింటికీ రిట్రీవ్ (దాన్ని విప్పడం). రీడ్ అయితే మొదటి బొమ్మ విప్పేదాకా రెండోది ఆగుతుంది. ఇంత చేసినా 15 ఫ్రేముల దగ్గర ఒక ఫ్రేము తేడా, 1.3 సెంటీమీటర్ల దాకా రావచ్చు.

పర్లాకిమిడి_జీడి
గ్రాబ్ అలాగే మార్చాను. బై పాత్ పేర్లు పెట్టాను, మూడుసార్లు ఆపి వేశాను, పైది పైనే ఉంది, పక్కది పక్కనే ఉంది. పోర్టులకి నెయిల్ పాలిష్‌తో గుర్తులు పెట్టింది మా ఏరే అక్కే. ఎరుపు పైన కెమెరాలకి, గులాబీ పక్కవాటికి. రేపు స్ట్రిప్ బిగించాక 10 కేజీల డబ్బా ఒకటి ఆళ్లు ఏరీసింది వేస్తాం. అది ఏటి పడుతుందో ఆళ్ల ఎదురుగానే చూస్తాను.